సవరణ: బంతీ స్రీ, మూడు రోజుల పాస్, సియం రీప్ విమానాశ్రయం

కంబోడియాలోని పాత గుళ్ల ప్రాంతం అంగ్‌కోర్ యాత్ర గురించి పోయిన వారం రాసినదాంట్లో మూడు తప్పులు దొర్లాయి.

మొదటిది పెద్దది. బంతీ స్రీ గుడిని కూడా ఖ్మేర్ రాజు ఏడో జయవర్మ కట్టించాడని రాశాను. కాదు. ఆయన కట్టించింది బయాన్ గుడి, 12వ శతాబ్దం చివర్లో. బంతీ స్రీ అంతకు రెండు వందల ఏళ్లు పాతది, 967లో ప్రతిష్ఠ జరిగిన శివాలయం. పైగా కట్టించింది రాజే కాదు, రాజగురువు యజ్ఞవరాహుడు. ఆ గులాబీ రంగు ఇసుకరాయి మీద చెక్కడాలు చూస్తూ గైడు మాట సగమే విన్నాను మరి! పేరులో ఉన్నది మన 'శ్రీ' అనుకోవడమూ నా పొరపాటే. అక్కడి ఖ్మేర్ భాషలో 'స్రీ' అంటే ఆడది, 'బంతీ స్రీ' అంటే స్త్రీల కోట.

అంగ్‌కోర్ గుళ్లు చూడటానికి కొనే మూడు రోజుల పాస్ (62 డాలర్లు) వరుస రోజుల్లోనే వాడాలన్నాను. అక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. మధ్యలో ఒక రోజు గుళ్లకు దగ్గరి ఊరు సియం రీప్‌లో పాత బజారు తిరగండి.

విమానాశ్రయం ఊరి పక్కనే అన్నది పాత సంగతి. 2023 అక్టోబరు నుంచి కొత్తది నడుస్తోంది, సియం రీప్‌కి 40 కిలోమీటర్ల పైనే. తిరుగు ప్రయాణంలో గంటకు పైగా చేతిలో ఉంచుకోండి.