పిడి ఉన్నది, పని తెలియదు

చేతితో తిప్పే పిడి, రెండు పళ్ల చక్రాలు, చిటికెన వేలి మొన పట్టేంత ఒక రంధ్రం ఉన్న పాత ఇనుప పనిముట్టు అటక దిగిందంటే ఆ ఇంట పండితులకు కొరత ఉండదు. మొదటి పండితుడు అది శస్త్రచికిత్స పరికరమని తేల్చాడు. రెండో ఆయన రంధ్రంలోకి పరీక్షగా చూసి, నేరస్థుల వేళ్లు నలిపే సాధనమన్నాడు. కేవలం ఆపిల్ తొక్క తీయడానికి మనిషి ఇంత ఇనుము పోతపోస్తాడంటే ఇటువంటివారు ఒప్పుకోరు. అమెరికాలో 1803 నాటికే అటువంటి యంత్రానికి పేటెంటు ఉన్నదని చెప్పినా, ఆ పేరుతో ఇంకేదో చేసి ఉంటారని అనుమానిస్తారు.

వస్తువును ముట్టుకోకుండా తీర్పు చెప్పడం ఈ శాస్త్రంలో మొదటి నియమం, ముట్టుకుంటే వాదనకు ఆయువు తీరుతుంది గనుక. ఛాతీకి ఆనించే వంపు పలక ఉంటే అది బెజ్జాలు వేసే బర్మా అని, అడుగున బల్ల అంచుకు బిగించే మర ఉంటే కూర్చుని చేసుకునే ఏదో చిన్న పని కోసమని తెలిసిపోతుంది. పళ్లు లెక్కపెట్టడం మరీ అపాయకరం. పిడి ఉన్న పెద్ద చక్రానికి 60 పళ్లు, ఇరుసు మీది చిన్నదానికి 15 ఉన్నాయనుకోండి, పిడి ఒక చుట్టు తిరిగేలోగా ఇరుసు నాలుగు చుట్లు తిరుగుతుంది. అంటే అది గిలకొట్టడమో సానపట్టడమో, వేగం కావలసిన పని. పిడి చిన్న చక్రానికే ఉంటే బలం కావలసిన పని. ఇంత తేలికగా తేలిపోయే విషయానికి పండితులెందుకు?

ఇక తుప్పు కింద పేటెంటు సంఖ్యో తేదీయో చెక్కి ఉంటుందన్న భయం ఒకటి. ఆ భయం తీరేలా యజమాని ముందుగానే గరుకు కాగితంతో అరగంట రుద్ది, పైన నల్లరంగు పూసి పుణ్యం కట్టుకుంటాడు.

గ్రీసులో ఆంటికిథెరా దగ్గర మునిగిన ఓడలోంచి 1901లో పైకి తీసిన కంచు ముద్దలో పళ్ల చక్రం ఉన్నదని మరుసటి ఏడు ఒకరి కంటపడింది. దాన్ని కూడా చేతితోనే తిప్పేవారని పరిశోధకులు భావిస్తారు. అది సూర్యచంద్రుల గమనాన్నీ గ్రహణాలనూ లెక్కగట్టే యంత్రమని విప్పి చెప్పడానికి ఎక్స్‌రేలు, 2005లో తీసిన త్రీడీ స్కాన్లు, వెరసి నూరేళ్ల పైచిలుకు కాలం పట్టాయి. మా రెండో పండితుడు ఆ ఒడ్డున ఉండి ఉంటే కాఫీ చల్లారేలోగా తేల్చేసేవాడు.

శాస్త్రనియమాన్ని ఉల్లంఘించి నేను మాత్రం ఆ పిడిని మూడు చుట్లు తిప్పాను. కీచుమంటూ కదిలి, అడుగున ఉన్న చీలికలోంచి బల్ల మీద ఒక చిన్న చుట్టను రాల్చింది. ఒక పక్క పలచని చెక్క, అంచున ఎర్రరంగు గీత, పట్టుకుంటే వేలికి నల్లగా అంటిన పొడి. పెన్సిలు పొట్టు. శస్త్రచికిత్స పక్షం వారు ఇంకా ఒప్పుకోలేదు, ఆ రోజుల్లో వైద్యులు చీటీలు రాసేది పెన్సిలుతోనేనట.