మా అమ్మ స్విచ్‌బోర్డుకు బొట్టుబిళ్ళ పెట్టవలసి వచ్చింది

గుంటూరులో మేము కట్టుకున్న ఇంటికి గృహప్రవేశమై మూడేళ్లు కావస్తోంది. హాల్లో మామూలు స్విచ్‌బోర్డు ఉండవలసిన చోట స్మార్ట్ స్విచ్‌బోర్డు అనే, ఎనిమిది గుర్తులున్న నల్లని గాజు పలక ఒకటి పెట్టించాను. వేలు ఆనిస్తే చాలు, ఫోనులో నొక్కినా చాలు, నోటితో చెప్పినా చాలు అని నాకు చూపించి అమ్మిన ఆ పలక మీద గుర్తులన్నీ ఒకే పోలికతో ఉంటాయి. చీకట్లో తడిమి ఇది ఫ్యాను, ఇది లైటు అని పోల్చుకునే వీలు లేదు. అంట్లు తోముతూ తడిచేత్తో వచ్చి తాకితే ఒక్కోసారి అసలు పలకదు, ఒక్కోసారి పక్కది వెలుగుతుంది. నెల తిరగకుండానే మా అమ్మ పై వరుసలో మూడో గుర్తు మీద ఎర్రని బొట్టుబిళ్ళ అంటించింది. అదేమిటని అడిగితే, "వంటింటి లైటురా, ఇకనుంచి దొరుకుతుంది" అంది. పలక తయారుచేసినవాళ్లకు తట్టనిది ఆవిడకు తట్టింది.

ఇల్లు కట్టుకుంటున్న బంధువులూ దుకాణాలు పెడుతున్న మిత్రులూ "స్మార్ట్ స్విచ్చులు ఏ కంపెనీవి పెట్టించమంటావు" అని తరచుగా అడుగుతున్నారు గనుక ఇంత పొడుగున రాస్తున్నాను. నా అభిప్రాయంలో కంపెనీ పేరు అన్నిటికన్నా చివర తేల్చవలసిన విషయం. ఇంటికి వచ్చిన చుట్టం ఎవరినీ అడగకుండా లైటు వేసుకోగలగాలి, ఇంటర్నెట్ లేని రోజున కూడా వేసుకోగలగాలి, అమ్మిన కంపెనీ మూతపడినా వేసుకోగలగాలి. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని వస్తువు ఎంత అందంగా ఉన్నా గోడకెక్కే అర్హత లేనిదని ఇప్పుడు నమ్ముతున్నాను. ఈ జవాబుల్లో సగానికి పైగా, గోడలకు గాడి కొట్టే రోజునే ఖాయమైపోతాయి.

ముందు న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, సంగతి చెప్పాలి, ఎందుకంటే షోరూములో దీని మాట ఎత్తినవాళ్లు నాకు ఒక్కరూ తగలలేదు. మన ఇళ్లలో ప్లగ్గు ఉన్న ప్రతి బోర్డులోకీ న్యూట్రల్ ఎలాగూ వస్తుంది కాబట్టి హాల్లోనూ పడకగదుల్లోనూ చిక్కేమీ రాదు. మెట్ల దగ్గర టూవే స్విచ్చు, బాత్‌రూం బయట ఒంటరి స్విచ్చు, గేటు లైటు స్విచ్చు వంటి చోట్ల మాత్రం తరచుగా కరెంటు తెచ్చే ఫేజు వైరు వచ్చి, అక్కడినుంచి లైటుకు పోతుంది. న్యూట్రల్ నేరుగా లైటుకే వెళ్లిపోతుంది. స్మార్ట్ మాడ్యూల్ అంటే కరెంటును కలిపి తీసే చిన్న రిలే, కబురు అందుకునే చిన్న రేడియో ఉన్న పెట్టె. లైటు ఆపి ఉన్నప్పుడు కూడా అది మేలుకొనే ఉండాలి, అందుకు దానికి ఎంతో కొంత కరెంటు కావాలి. న్యూట్రల్ లేని చోట వాడే రకం ఆ కాస్త కరెంటునూ లైటు గుండానే లాక్కుంటుంది. పాత ఫిలమెంటు బల్బుకైతే అది లెక్కలోకి రాదు గాని, 9 వాట్ల ఎల్‌ఈడీ మినుకుమినుకుమనడానికి అదే ఎక్కువ. మా బాత్‌రూంలో ఆపేసిన లైటు రాత్రంతా మిణుగురులాగా వెలిగి ఆరుతుంటే, మా చిన్నవాడు వారం రోజులు అటువైపు ఒంటరిగా వెళ్లనన్నాడు. చివరకు ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి లైటు దగ్గర చిన్న కెపాసిటర్ తగిలిస్తే ఆగింది. వైరింగు రోజున ఆ స్విచ్ పెట్టె దాకా న్యూట్రల్ కోసం ఒక నల్లవైరు అదనంగా లాగించి ఉంటే ఈ గొడవే లేదు. గోడలో పెట్టే ఇనుప పెట్టెలు కూడా లోతైనవి తీసుకోవాలి. లోతు లేని పెట్టెలో స్విచ్చుల వెనుక మాడ్యూలును కుక్కితే వైర్లు నలుగుతాయి, వేడి బయటికి పోదు.

ఫ్యాన్లది మరో తంతు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ల వేగాన్ని లోపలున్న సర్క్యూటే చూసుకుంటుంది, రిమోటుతో నడుస్తాయి. వాటికి గోడ రెగ్యులేటరు గాని, స్మార్ట్ బోర్డులోని రెగ్యులేటరు గాని కలపకూడదు. నాకు అమ్మిన బోర్డులో రెండు రెగ్యులేటర్లు ఉన్నాయి, మా ఇంట్లో అన్నీ బీఎల్‌డీసీ ఫ్యాన్లే. ఆ రెండు రెగ్యులేటర్లకూ డబ్బు కట్టాను గాని, ఒక్కరోజూ వాడలేదు. వెలుగు తగ్గించే డిమ్మర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: డబ్బా మీద డిమ్మబుల్ అని రాసి లేని ఎల్‌ఈడీకి డిమ్మర్ పెడితే అది మసకబారదు, వణుకుతుంది.

ఇక వైఫై. చవకగా దొరికే మాడ్యూళ్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఒక్కొక్కటిగా రూటరుకు తగులుకుంటాయి. ఇంటర్నెట్ వాళ్లు ఇచ్చి పోయే చిన్న రూటరుకు ఫోన్లు, టీవీ, కెమెరాలతో పాటు మరో ఇరవై వస్తువులు తోడైతే ఊపిరాడదు. కనెక్షన్ మార్చి, కొత్త రూటరుకు కొత్త పేరు పెట్టిన రోజున నేను స్టూలు వేసుకొని ఒక్కో బోర్డు దగ్గరా నిలబడి, మీటను అయిదు క్షణాలు నొక్కి పట్టుకొని అన్నిటినీ మళ్లీ జత చేశాను. పాత పేరూ పాత పాస్‌వర్డూ కొత్త రూటరుకు అలాగే పెడితే సరిపోతుందని తర్వాత తెలిసింది. రూటరు ఇన్వర్టరు లైను మీద లేకపోతే కరెంటు పోయిన వెంటనే యాప్ నడిచే దారి కూడా పోతుంది. కరెంటు తిరిగి వచ్చాక లైటు ఏ స్థితిలో ఉండాలన్నది కూడా యాప్‌లో ముందుగా చెప్పి పెట్టవలసిన విషయమట. అది చెప్పకపోవడం వల్ల ఒక మే నెల రాత్రి రెండున్నరకు కరెంటు వచ్చినప్పుడు, ఇన్వర్టరు మీద లేని ఫాల్స్ సీలింగు లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి, ఇంటిల్లిపాదీ లేచి కూర్చున్నాం.

ఇంకా పెద్ద ప్రశ్న, మనం ఫోనులో నొక్కిన నొక్కు ఎక్కడికి వెళ్తోందన్నది. చాలా వ్యవస్థల్లో అది ఎక్కడో ఉన్న సర్వరు దాకా పోయి, మళ్లీ మన హాల్లోకి తిరిగి వచ్చి లైటు వెలిగిస్తుంది. నెస్ట్ సంస్థ కొనుగోలు చేసిన రివాల్వ్ అనే హబ్బు, అంటే ఇంట్లోని స్మార్ట్ వస్తువులన్నిటినీ కలిపి నడిపే పెట్టె, 2016 మే నెలలో కంపెనీ నిర్ణయం వల్లనే పనిచేయడం మానేసింది. అమెరికాలో ఇలాంటి స్మార్ట్ స్విచ్చులు అమ్మిన ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. దాని వినియోగదారులే కొందరు కలిసి కొనుక్కొని మళ్లీ నిలబెట్టారు. మన వీధి చివరి దుకాణంవాడు అమ్మే పేరూ ఊరూ లేని బోర్డుకు అలాంటి అదృష్టం పడుతుందని నేననుకోను. అందుకే హబ్బు మన ఇంట్లోనే ఉండి నడిపించే జిగ్‌బీ వంటి రేడియో పద్ధతిని గాని, వేర్వేరు కంపెనీల వస్తువులు కలిసి పనిచేయడానికి 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ ప్రమాణాన్ని పాటించే వస్తువులను గాని ముందు చూడమంటాను. డబ్బుకు వెనుకాడనివాళ్లకు కేఎన్‌ఎక్స్ అనే తీగల పద్ధతి ఉంది. దానికి వేరే తీగ, శిక్షణ పొందిన మనిషి కావాలి గాని, ఒకదాని మీద అన్నీ ఆధారపడే కేంద్రం అందులో ఉండనక్కరలేదు. అయితే ప్రోగ్రామింగు చేసిన మనిషి దగ్గర ఒక ప్రాజెక్టు ఫైలు ఉంటుంది. అది మీ చేతికి రాకముందు ఆఖరి చెల్లింపు చేయవద్దు, లేకపోతే రేపు ఆ మనిషి ఊళ్లో లేనినాడు మరొకరు వచ్చి మొత్తం మొదటినుంచి చేయవలసి వస్తుంది.

కరెంటు ఆదా అన్న మాటకు మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. ఒక్కో మాడ్యూలు అర వాటు తింటుందనుకుంటే, ఇంట్లో పద్నాలుగు మాడ్యూళ్లు కలిసి 7 వాట్లు; పగలూ రాత్రీ నడిస్తే ఏడాదికి 61 యూనిట్లు. మరచిపోయిన 9 వాట్ల బల్బు రోజుకు మూడు గంటలు వృథాగా వెలిగితే ఏడాదికి 10 యూనిట్లు కూడా కాదు. అంటే ఇంట్లో ఆరుకు పైగా బల్బులను ఏడాది పొడవునా రోజూ మూడేసి గంటలు మరచిపోతే తప్ప ఈ మాడ్యూళ్లు తమ తిండి ఖర్చయినా సంపాదించవు. పాత 75 వాట్ల ఫ్యాను తీసి 35 వాట్ల బీఎల్‌డీసీ పెడితే, రోజుకు పన్నెండు గంటల లెక్కన ఆ ఒక్క ఫ్యాను మీదే 175 యూనిట్లు మిగులుతాయి. ఇంట్లో స్మార్ట్ లైట్లు సౌకర్యం కోసం పెట్టుకుంటే తప్పు లేదు, నేనూ గేటు లైటుకు ఉంచుకున్నాను. ఆదా అని చెప్పి అమ్మకండి.

వ్యాపారంలో లెక్క మారుతుంది. మా బావమరిదికి విజయవాడలో బట్టల దుకాణం ఉంది; పై అంతస్తులో 15 వాట్ల లైట్లు అరవై, గిరాకీ లేని మధ్యాహ్నం కూడా వెలుగుతూనే ఉండేవి. రోజుకు మూడు గంటలు అవి ఆరితే ఏడాదికి దాదాపు 985 యూనిట్లు, యూనిట్ పది రూపాయలనుకున్నా పదివేలకు దగ్గర. అతనికి కొత్త వ్యవస్థ అక్కరలేకపోయింది: పై అంతస్తు లైట్లను మూడు వరుసలుగా విడదీశాం, గోడౌనులో మనిషి కదలికకు వెలిగే సెన్సర్ పెట్టాం, దుకాణం పేరు బోర్డు లైటుకు టైమర్ బిగించాం. చీరల కౌంటర్ల మీద మాత్రం సెన్సర్ వద్దని గట్టిగా చెప్పాను. చీర పరిచి రంగు చూసుకుంటున్న ఆవిడ నెత్తిన లైటు ఆరిపోతే, ఆ బేరం తిరిగి రాదు. ఇంతకన్నా పెద్ద ఆసుపత్రికో ఆఫీసుకో అయితే లైట్లను తీగ మీద నియంత్రించే డాలీ వంటి పద్ధతి సబబు, ఒక్కో లైనుకు 64 పరికరాల దాకా విడివిడిగా పలుకుతాయి. కనెక్టెడ్ లోడు, అంటే బిగించిన పరికరాలన్నిటి మొత్తం, 100 కిలోవాట్లు దాటిన వాణిజ్య భవనాలకైతే కేంద్ర ఇంధన పొదుపు భవన కోడ్ ఎలాగూ లైట్ల నియంత్రణ మీద షరతులు పెడుతుంది.

మా హాల్లో గాజు పలక తీసేయించి, మామూలు నొక్కుడు స్విచ్చులు బిగించి, వాటి వెనుక మాడ్యూలు పెట్టించాను. ఇప్పుడు చేత్తో నొక్కినా, ఫోనులో నొక్కినా ఒకటే. తెనాలిలో ఇల్లు కడుతున్న మా తమ్ముడు నిన్న ఫోన్ చేసి, ఏ యాప్ బాగుంటుందన్నయ్యా అని అడిగాడు. స్లాబు అయిపోయింది, ఇంకా గాడులు కొట్టలేదు. వైర్లు లాగాక మెట్ల పెట్టెతో సహా ప్రతి స్విచ్ పెట్టెకూ నల్లవైరు వచ్చిందని కళ్లారా చూసి, ఆ ఫొటోలు నాకు పంపించమన్నాను. అవి వచ్చేదాకా ఏ కంపెనీ పేరూ నా దగ్గర ఎత్తవద్దన్నాను.