తాళంచెవి శాస్త్రం

గ్రంథాలయ శాస్త్రంలో పట్టా పుచ్చుకొని, పోటీ పరీక్ష గట్టెక్కి, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో రెండు పూటలు నిలబడి, చివరికి ఒక బడిలో లైబ్రేరియన్‌గా చేరినవాడికి మొట్టమొదట అప్పగించేది పుస్తకాలు కాదు, తాళంచెవి. దానికో ఎర్ర దారం, దారానికో అట్టముక్క, అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో ‘లై. బీరువా’. నాకు చార్జి ఇచ్చిన సీనియర్ సారు దాన్ని నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, కాసేపు అట్లాగే పట్టుకున్నారు. అప్పగింతల్లో కూతురి చెయ్యి అల్లుడికి అందించే తండ్రి కూడా అంతసేపు పట్టుకోడు.

“పదకొండేండ్లు నా దగ్గరున్నది తమ్మీ. ఒక్క పుస్తకం పోలే” అన్నారు. కళ్ళల్లో నీళ్ళు.

పోలేదు, నిజమే. కదిలితే కదా పోవడానికి.

కొత్తగా చేరిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఫోన్ చేసి, మొదటి ఏడాది ఎట్లా నెట్టుకొచ్చావన్నా అని అడుగుతున్నారు. ఏడాది నిండింది కనుక సలహా చెప్పే అర్హత నాకూ వచ్చింది. మా బడి వరంగల్ నుంచి బస్సులో గంట దూరం. పేరు చెప్పను. చెబితే ఉన్న తాళంచెవి కూడా లాక్కుంటారు.

ముందు సిద్ధాంతం చూద్దాం. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనిపించుకున్న ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు చెప్పారు. మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి. ఈ ప్రశ్నకు పరీక్షలో నాకు మంచి మార్కులే పడ్డాయి. బడికి వచ్చాక తెలిసింది, పెద్దాయన లెక్కలో బీరువా లేదని. ఇక్కడ నడిచే సూత్రం ఒక్కటే: పుస్తకాలు ఉన్నది లెక్క సరిపోవడానికి.

ఆగస్టు 12 ఆయన పుట్టినరోజు, జాతీయ లైబ్రేరియన్ల దినోత్సవం. జరుపుకుందాం సార్ అంటే మా పెద్ద సారు వెంటనే ఒప్పుకున్నారు. తీరా ఆ పొద్దున వెళ్ళేసరికి కొబ్బరికాయ, అగరొత్తులు, గిన్నెడు పులిహోర సిద్ధంగా ఉన్నాయి. రంగనాథన్ అంటే రంగనాథస్వామి అనుకున్నారట. నేను తెచ్చిన ఫొటోలో తలపాగా, కళ్ళజోడు చూసి కొంచెం తగ్గారు గానీ, తెచ్చిన కొబ్బరికాయ వాపసు తీసుకోరు కదా, బీరువా ముందు కొట్టేశారు. పిల్లలు వరసగా వచ్చి మొక్కి పులిహోర పెట్టించుకొని పోయారు. తలుపులు మాత్రం తెరవలేదు. అది గర్భగుడి.

మిగతా విధుల గురించి ఎక్కువ చెప్పను. లైబ్రేరియన్ అంటే క్లాసు లేని మనిషని బడిలో అందరి నమ్మకం. గణితం సారు సెలవు పెడితే గణితం నాది. బడి వివరాలన్నీ సర్కారుకు పంపే యూడైస్ ఫారం నాది, అందులో ‘లైబ్రరీ ఉన్నదా’ అన్నచోట ‘ఉన్నది’ అని రాసే చెయ్యి కూడా నాదే. వంటగదిలో కోడిగుడ్ల లెక్క నాది. టైంటేబుల్‌లో లైబ్రరీ పీరియడ్ లేదా అంటే, ఉంది. పదో తరగతి ఫిజిక్స్ స్పెషల్ క్లాసుకు పెట్టుకున్న ముద్దుపేరది.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ‘గ్రంథాలయాల ప్రాముఖ్యత’ మీద వ్యాసరచన పెట్టాం. గైడులో ఉన్న వ్యాసాన్ని నలభై ముగ్గురు నలభై మూడు చేతిరాతల్లో రాసిచ్చారు. వాళ్ళను తప్పుపట్టను. గ్రంథాలయం గురించి గైడు చూసి తెలుసుకోవాలి తప్ప గ్రంథాలయం చూసి తెలుసుకునే వీలెక్కడిది? మొదటి బహుమతి మూతతో సహా స్టీలు డబ్బా. పుస్తకం ఇద్దాం సార్ అన్నాను. “పుస్తకమిస్తే ఏంజేస్తరయ్యా?” అన్నారు పెద్ద సారు. ఆయన దగ్గర సమాధానం ఉండి అడిగిన ప్రశ్న కాదది. నా దగ్గరా లేదు, బడిలో ఎవరూ చేసి చూపించలేదు కాబట్టి.

అసలు కథ డిసెంబరులో.

ఫిజికల్ వెరిఫికేషన్‌కు, అంటే రిజిస్టరు ప్రకారం పుస్తకాలన్నీ ఉన్నాయా అని లెక్క చూడటానికి, ఒక సారు వచ్చారు. పదింటికి వస్తామని పన్నెండింటికి వచ్చి, చాయ్ తాగి, “తీయుండ్రి” అన్నారు. నేను తాళంచెవి పెట్టి తిప్పాను. తాళం బిగుసుకున్నదని ముందురోజు మా అటెండర్ కాక వంటగదిలోంచి మంచినూనె తెచ్చి అందులో పోశాడు. లోపలి దుమ్ము, నూనె కలిసి రాత్రికి రాత్రే పూర్ణం ముద్ద తయారైంది. తాళంచెవి సగం తిరిగి టక్కుమంది. దారం, అట్టముక్క ఉన్న సగం నా చేతిలో. మిగతా సగం తాళంలో.

పదకొండేండ్లు కాపాడినాయన అక్కడే ఉన్నారు. ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

పీఈటీ సారు బండేసుకొని, బస్టాండు దగ్గర తాళాలు చేసే ఆయన కోసం పోయారు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో వెరిఫికేషన్ సారు మా యాక్సెషన్ రిజిస్టరు, అంటే వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసే పుస్తకం, మొదటి పేజీ నుంచి చదివారు. ఆ ఏడాది మా లైబ్రరీలో అంత శ్రద్ధగా చదివిన పాఠకుడు ఇంకొకరు లేరు, కాబట్టి గౌరవంగానే చెబుతున్నాను. ఒకచోట వేలు ఆగింది.

“894.827. ఇదేంది? ధరనా?”

“కాదు సార్, వర్గీకరణ సంఖ్య. తెలుగు సాహిత్యానికి వేసేది. డ్యూయీ అని అమెరికా ఆయన 1876లో…”

“అమెరికా సంగతి నాకెందుకయ్యా. రూపాయలల్లనే కదా?”

“రూపాయలు కాదు సార్.”

“మరి పైసలు మూడంకెలు ఎట్లొచ్చినయి?”

నేను మళ్ళీ చెప్పాను. దశాంశ పద్ధతి అన్నాను. భాషలు, శాఖలు అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నారు, తప్పు దొరికినవాడి మాట వినే ఓపికతో. చివరికి, “సరే, ఆడిట్ల వస్తది. రౌండాఫ్ చేయుండ్రి” అన్నారు. పెద్ద సారు నా వైపు చూశారు. చేశాను. 895 అంటే డ్యూయీ పట్టికలో చైనా, జపాను దిక్కు సాహిత్యం. ఆ ఒక్క సంతకంతో బమ్మెర పోతన, పాల్కురికి సోమన ఇద్దరూ వీసా లేకుండా సముద్రం దాటారు.

తాళాలాయన వచ్చాడు. విరిగిన ముక్క లాగాడు, ఆకురాయితో గీకాడు, ఊదాడు. “సార్, ఒకటి చేయాల్నా, రెండా? రెండైతే వంద” అన్నాడు. అందరూ గడియారం చూస్తున్నారు. రెండు చెయ్యమన్నాను. ఆ మాట ఎవరి చెవినా పడలేదు.

బీరువా తెరుచుకుంది. లోపలి గాలి పదకొండేండ్ల నాటిది. లెక్క మొదలైంది. రిజిస్టరులో 1,214. నా లెక్కలో 1,213. పీఈటీ సారు లెక్కపెడితే 1,221. అటెండర్ కాకకు 1,209. అంకెలు సరిపోయేదాకా సారు భోజనానికి లేవనన్నారు, దాంతో మా ఎవరికీ భోజనం లేదు. నంబర్లు ఒక్కొక్కటే చదివి టిక్కు కొడుతూ పోతే దొంగ దొరికింది. ‘కోళ్ళ పెంపకం’, 40వ ప్రతి. ఎప్పుడో ఎవరో హోల్‌సేల్‌గా కొని పంపిన 40 ప్రతుల్లో 39 భద్రంగా ఉన్నాయి. మా బడిలో కోళ్ళు లేవు.

నలభయ్యోది ఏమైంది? బడంతా గాలింపు. డార్మెటరీలో పెట్టెలు తెరిపించారు. స్టాఫ్‌రూమ్ సొరుగులు లాగారు. గుడ్లు ఆమె దగ్గరే ఉంటాయి కాబట్టి వంటామెను పిలిచి విచారించారు. “నాకు సదువే రాదు సారూ” అని ఆమె కొంగు నోట్లో పెట్టుకుంది. సాయంత్రం నాలుగున్నరకు అటెండర్ కాక నేల మీద బోర్లా పడుకొని, “దొరికింది” అని కేకేశాడు. బీరువా వెనక ఎడమ కాలు కింద ఉంది. బీరువా ఊగకుండా ఎన్నడో ఎవరో మడతపెట్టి దూర్చారు. లాగబోతే బీరువా ముందుకు ఒరిగింది. నలుగురం పట్టుకున్నాం. వెరిఫికేషన్ సారు ఒక క్షణం ఆలోచించి తీర్పు చెప్పారు: “ఉండనీయుండ్రి. లెక్కకొచ్చింది.” రిమార్కుల గడిలో ఆయనే స్వహస్తాలతో రాశారు: ‘ఉపయోగంలో ఉన్నది’.

రంగనాథన్ గారి మొదటి సూత్రం మా బడిలో అమలైన ఏకైక సందర్భం అది.

ఇంత భయం ఎందుకో నాకు మొదట్లో అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పుస్తకం పోతే పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటాడు, చార్జిలో ఉన్నవాడు. చార్జి అప్పగించే రోజు, రిటైరయ్యే రోజు, బాకీ ఏమీ లేదన్న ‘నో డ్యూస్’ కాగితం అడిగే రోజు వాడి మెడ మీద కూర్చుంటుంది. పుస్తకాన్ని ఎవరూ చదవకపోతే పట్టుకోవడానికి ఎవరూ లేరు. ఆ గడి రిజిస్టరులోనే లేదు. అందుకే ఆ సీనియర్ సారును చూసి నేను నవ్వలేను. పదకొండేండ్లు ఆయన పుస్తకాలను కాపాడలేదు, పెన్షన్‌ను కాపాడుకున్నాడు.

ఢిల్లీ వాళ్ళు కూడా ఇంత భయపడలేదు. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 215వ నిబంధన ఏమంటుందంటే, ఏడాదిలో చదవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోతే అది సహజమే, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే చాలని. ఈ మాట ప్రింటు తీసి చూపిస్తే, “అది సెంట్రల్‌ది, మనకు కాదు” అన్నారు. అన్నా కూడా నేను లెక్క కట్టాను. మా ఇష్యూ రిజిస్టరులో ఆ ఏడాది డిసెంబరు దాకా 11 పుస్తకాలు. వెయ్యికి అయిదు చొప్పున మేము పోగొట్టుకోదగ్గది 0.055 పుస్తకం. అంటే అట్ట మూల.

ఆ పదకొండులో పది స్టాఫ్ ఇళ్ళకు పోయిన నవలలు. పదకొండోది ఎనిమిదో తరగతి పిల్లది.

ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం బువ్వ తిని వచ్చి బీరువా అద్దంలోంచి పుస్తకాల వెన్నులు చదివేది. పై అర నుంచి కింది అర దాకా పేర్లన్నీ వరసగా అప్పజెప్పేది, ఎక్కాలలాగా. “ఇంట్ల ఏముంటది సార్?” అని ఒక్కో పేరు మీద వేలు పెట్టి అడిగేది. నేనూ చదవలేదు, ఏం చెబుతాను? దసరా సెలవులకు ముందు ఒక కథల పుస్తకం తీసి ఇచ్చాను. రిజిస్టరులో పేరు, తరగతి రాసి సంతకం పెట్టమంటే, తలవంచి ఒక్కో అక్షరం చెక్కినట్టు రాసింది. సెలవుల తర్వాత పుస్తకం తిరిగొచ్చింది. పైన పాత పేపరు అట్ట. లోపల ఒక పేజీ చిరిగితే అన్నం మెతుకులతో అతికించి ఉంది. మధ్యలో బతుకమ్మకు తెచ్చిన తంగేడు పువ్వు ఒకటి ఎండి, రెండు పేజీలకు పసుపు అంటుకుంది.

వెరిఫికేషన్ రోజు చివరి ఐటమ్ అదే. దానికి ముందటిది కింది అర. కింది అరలో 61 పుస్తకాలు చెదలు తిన్నాయి. అట్టలు నిలబడి ఉన్నాయి కాబట్టి లెక్కలోకి వచ్చాయి, పట్టుకుంటే మట్టి రాలింది. మన వైపు చెదలకు సాహిత్యం మీద మమకారం పాతదే. పోతన భాగవతాన్నే కొంత తిన్నాయని, పోయిన భాగాలను ఇతరులు పూరించారని ఒక గాథ ఉంది. ఈ 61కి మాత్రం పూరించే కవులెవరూ అక్కరలేకపోయింది. ‘చెదల వలన నష్టం, రైట్-ఆఫ్ చేయవచ్చు’, అంటే లెక్కలోంచి కొట్టేయవచ్చు అని రాసి, ముగ్గురు సంతకాలు పెట్టారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత వెరిఫికేషన్ సారు ఆ పిల్ల చదివిన కథల పుస్తకం తెరిచి, మెతుకు అతికిన పేజీని గోటితో గీరి చూసి, “ఇదెవరు ఖరాబు చేసిండ్రు? రికవరీ పెట్టుండ్రి” అన్నారు.

ముప్పై అయిదు రూపాయలు.

చెదలు తింటే రైట్-ఆఫ్. పిల్ల చదివితే రికవరీ. అయ్యా, ఆ చెదలకు నోటీసు ఇచ్చిండ్రా? వాటి తల్లిదండ్రులను పిలిపించిండ్రా? అరవై ఒక్క పుస్తకాలను మట్టి చేసిన పురుగు మీద లేని కోపం, ఒక్క పుస్తకాన్ని తలగడ కింద పెట్టుకొని పడుకున్న పిల్ల మీద ఎట్లా వచ్చింది మీకు? ఆ పిల్ల తల్లి కిలోల లెక్కన పత్తి ఏరే మనిషి. ముప్పై అయిదు రూపాయలకు ఎన్ని కిలోలు ఏరాలో మీ కాలిక్యులేటర్ చెబుతుందా? 1904లో, నిజాం సర్కారు భాష ఉర్దూ అయిన రోజుల్లో, ఇదే హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టారు తెలుగు చదవాలన్న ఆశతో. రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మాడు, జైలుకు కూడా పోయాడు. ఇంత చేస్తే, చివరికి మనకు మిగిలింది ఒక ఇనుప బీరువా, ఒక ఎర్ర దారం, పుస్తకం ముట్టుకున్న పిల్లకు ఒక రసీదా? సిగ్గుండాలె.

క్షమించాలి. సలహాల దగ్గర ఉన్నాం.

డబ్బు నేనే కట్టాను. రసీదు మీద ‘నష్టపరిహారం’ అని రాసిచ్చారు, దాచుకున్నాను. తంగేడు పువ్వును ‘అన్యపదార్థం’ అని తీసి కిటికీలోంచి పారేశారు.

ఇక కొత్తవాళ్ళకు చెప్పాల్సింది తాళంచెవి గురించి. పాత దారం, పాత అట్టముక్క కొత్త తాళంచెవికి కట్టి పెద్ద సారు టేబుల్ సొరుగులో పెట్టాను. ఆయన రోజూ సాయంత్రం సొరుగు లాగి, ఉందని చూసుకొని, హాయిగా ఇంటికి పోతున్నారు. జనవరి నుంచి మా ఇష్యూ రిజిస్టరులో పేర్లు పెరుగుతున్నాయి, చేతిరాతలు నావి కావు. 215వ నిబంధన లెక్కన ఇప్పుడు మేము ఒక పుస్తకాన్ని పూర్తిగా పోగొట్టుకునే స్థాయికి వచ్చాం, ఇంకా పోలేదు.

రెండో తాళంచెవి ఎక్కడుందని వచ్చే వెరిఫికేషన్‌లో అడుగుతారు. నన్నడిగి లాభం లేదు, నాకు తెలియదనే రాసిస్తాను. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదికొచ్చింది. అడిగి చూడండి, పై అర నుంచి కింది అర దాకా పుస్తకాల పేర్లన్నీ చెబుతుంది, ఇంట్ల ఏముంటదో కూడా చెబుతుంది. ఆ ఒక్కటి మాత్రం చెప్పదు.