45 రోజుల గడువు సర్కారుకు వర్తించదా?

దేశ స్థూల ఉత్పత్తిలో చిన్న సంస్థల వాటా దాదాపు 30 శాతమని, ఎగుమతుల్లో సుమారు 45 శాతమని ఏ వేదిక ఎక్కినా మంత్రులు చెబుతూనే ఉంటారు. ఆ లెక్క నిజమే. అదే మంత్రుల కింది శాఖలు సరుకు తీసుకుని, పని చేయించుకుని, బిల్లును మాత్రం నెలల తరబడి ట్రెజరీలో ఒక టోకెన్ నంబరుగా (బిల్లు అందినట్టు ఇచ్చే సంఖ్యగా) పడేసి ఉంచుతున్నాయన్నదీ అంతే నిజం.

చట్టం లేక కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు ఒప్పందంలో ఏమి రాసుకున్నా 45 రోజులు మించకుండా సొమ్ము చెల్లించాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా లెక్కగట్టి, చక్రవడ్డీ ఇవ్వాలి. ఇది చాలదని 2023లో ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) నిబంధన చేర్చారు. గడువులోగా చెల్లించని వ్యాపారి ఆ కొనుగోలును, నిజంగా సొమ్ము చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలడు. మంచిదే. అయితే ప్రభుత్వ శాఖకు ఆదాయపు పన్నే లేనప్పుడు ఈ నిబంధన దాన్ని ఏమి చేయగలదు? గడువు దాటిన ప్రైవేటు వ్యాపారిని దండించే సర్కారు, తన బాకీ దగ్గరకు వచ్చేసరికి ఆ దండన తగలని చోట నిలబడి ఉంది.

ప్రభుత్వ పాఠశాలకు బల్లలు చేసి ఇచ్చిన ఒక చిన్న వర్క్‌షాపు పరిస్థితి చూడండి. ఇనుము అమ్మినవాడు రొక్కం అడుగుతాడు, కార్మికుడికి శనివారం కూలి ఇవ్వాలి. బిల్లు రాసిన మరుసటి నెల 20వ తేదీకల్లా, చేతికి రూపాయి రాకపోయినా, జీఎస్టీ కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. బ్యాంకు వాయిదా 90 రోజులు దాటితే ఆ ఖాతా మొండి బాకీ అవుతుంది, ఆపైన కొత్త అప్పు పుట్టదు. వర్క్‌షాపుకు రావలసింది ఇవ్వకుండా, అది అందుకోని సొమ్ముపై పన్ను వసూలు చేసి, ఆ పన్ను ఆలస్యమైతే వడ్డీ కూడా గుంజే బాకీదారుణ్ణి ఏమనాలి? అదే పని ఒక ప్రైవేటు సంస్థ చేస్తే మోసం అంటాం.

ఖజానా కటకటలాడుతోందని, ఇవి గత ప్రభుత్వం మిగిల్చిన బకాయిలని ఆర్థిక శాఖలు అంటున్నాయి. డబ్బు లేనప్పుడు టెండరు పిలిచిందెవరు? బిల్లు మీద సంతకం చేసింది పార్టీ కాదు, రాష్ట్రం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అధికారం మారిన ప్రతిసారీ ఇదే సాకు వింటున్నాం. అప్పులు తెచ్చి ఊరి పనులు చేయించిన తెలంగాణ మాజీ సర్పంచులు పదవీకాలం ముగిశాక బిల్లుల కోసం రోడ్డెక్కిన దృశ్యం ఇంకా కళ్లముందే ఉంది.

ఫిర్యాదుకు, ఇలాంటి బకాయిల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు ఉన్నాయంటారు. 90 రోజుల్లో తేల్చాలని ఆ 2006 చట్టంలో రాసి ఉంది కూడా. కానీ ఏ ఇంజినీరు, జరిగిన పనిని నమోదు చేసే కొలతల పుస్తకంలో రాస్తే బిల్లు కదులుతుందో, ఆ ఇంజినీరు శాఖ మీదే ఫిర్యాదు చేసి, మళ్లీ అదే గుమ్మంలో పని అడగగల చిన్న కాంట్రాక్టరు ఎందరున్నారు? పైగా నిర్మాణం వంటి పనుల కాంట్రాక్టులు ఈ చట్టం కిందికే రావని కోర్టుల్లో వాదించడం మామూలైపోయింది. కేంద్ర శాఖలు తమ కొనుగోళ్లలో 25 శాతం ఈ సంస్థల నుంచే జరపాలన్న విధానం ఘనంగా ఉంది. కొన్నాక చెల్లించకపోతే ఆ కోటా చిన్నవాడికి మేలు కాదు, ఉరి.

టోకెన్లన్నీ తేదీల వారీగా ప్రజలకు కనిపించేలా పెట్టాలి, పెద్ద కాంట్రాక్టరు కోసం వరుస తప్పించకూడదు. 46వ రోజు నుంచి వడ్డీ అడగకుండానే జమ కావాలి. ప్రభుత్వం చెల్లించని బిల్లుపై, చెల్లించే రోజు వరకు, జీఎస్టీ అడగకూడదు. ఇందులో ఏదీ కొత్త పథకం కాదు, ఎవరికీ రాయితీ కాదు. బాకీ తీర్చడం మాత్రమే. జూన్ 27న చిన్న సంస్థల దినోత్సవ సభలో ప్రసంగించే మంత్రులు, ఆ సభకు షామియానా వేసినవాడికి బిల్లు ముట్టిందో లేదో ముందుగా కనుక్కుని మైకు పట్టుకోవాలి.