ఓటీపీ వస్తేనే కొత్త జీవితం

జైలు నుంచి వచ్చినవాళ్లను మళ్లీ సమాజంలో కలపాలంటే టెక్నాలజీని మించిన దారి లేదని పెద్దలు తేల్చేశారు. నాకూ సందేహం లేదు. వెంటనే ఒక యాప్ రావాలి. ఉద్యోగం, లోను, కౌన్సెలింగ్ అన్నీ అందులోనే. తెరవగానే ఉదయించే సూర్యుడి బొమ్మ తప్పనిసరి.

ఇక లబ్ధిదారుడి సంగతి. ఏడేళ్లు చర్లపల్లిలో ఉండి పొద్దున్నే గేటు దాటాడనుకుందాం. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో రెండు జతల బట్టలు, విడుదల కాగితం. తీసుకెళ్లడానికొచ్చిన తమ్ముడు తన పాత స్మార్ట్‌ఫోను ఇచ్చాడు. యాప్ దిగింది, సూర్యుడు ఉదయించాడు. ఆధార్ నంబరు కొట్టగానే ఓటీపీ బయల్దేరింది.

ఎక్కడికి? ఆధార్‌కు ఎప్పుడో ఇచ్చిన పాత నంబరుకు. 90 రోజులు వాడని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ రద్దుచేసి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. కాబట్టి ఆ ఓటీపీ భీమవరంలో ఒక పెద్దావిడ ఫోన్లో మోగుతుంది. ఆవిడ టెన్షన్‌తో కొడుక్కి ఫోన్ చేస్తుంది. "ఎవరడిగినా చెప్పకమ్మా, సైబర్ మోసం" అంటాడతను. పాపం, ప్రభుత్వ ప్రకటనలు శ్రద్ధగా వినే కుటుంబం.

కొత్త సిమ్ తీసుకుని ఆధార్ కేంద్రం లైన్లో నిలబడాలి. ఆ తర్వాత బ్యాంకు. రెండేళ్లు లావాదేవీల్లేకపోతేనే ఖాతా పడుకుంటుంది, లేపాలంటే మళ్లీ కేవైసీ.

అలాగని సర్కారుకు మతిమరుపు అనుకునేరు! 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం ప్రకారం శిక్షపడ్డవాడి వేలిముద్రలు, కంటిపాప గుర్తులు 75 ఏళ్లు దాచొచ్చు. నలభయ్యో ఏట ఇచ్చిన బొటనవేలి ముద్ర అతనికి నూట పదిహేనేళ్లు వచ్చేదాకా భద్రం. అదే బొటనవేలు ఆధార్ మెషిన్ మీద పెడితే మాత్రం "మళ్లీ ప్రయత్నించండి".

సరే, అన్నీ దాటాడు. ఉద్యోగాల పేజీ అడిగింది: గత ఏడేళ్ల అనుభవం? జైల్లో వడ్రంగం నేర్చుకున్నాడు, బల్లలు చేశాడు. దాన్ని నింపే గడి లేదు. "ఇతరములు" నొక్కితే జీతం స్లిప్పులు అప్‌లోడ్ చేయమంది.

విడుదలకు వారం ముందే ఆధార్ మెషిన్‌ను జైల్లోకి తెచ్చి, సిమ్ చేతికిచ్చి, ఖాతా సరిచేసి పంపితే సరిపోదా అని కొందరు అమాయకులు అడుగుతున్నారు. సరిపోతుంది. మరి ప్రారంభోత్సవానికి మంత్రిగారిని ఏమని పిలవాలి?