జ్యూయిష్ ఫ్యామిలీ సర్వీస్: దాతలకు కనిపించని బల్ల

అమెరికాలో ఓ మోస్తరు నగరాల్లో కూడా 'జ్యూయిష్ ఫ్యామిలీ సర్వీస్' పేరుతో యూదుల సేవా సంస్థ చిన్న కార్యాలయం ఒకటి ఉంటుంది. కొద్దిమంది సిబ్బంది, సరుకుల గది, కౌన్సెలింగ్‌కు ఒకటి రెండు గదులు, వంతులవారీగా వచ్చే వాలంటీర్లు. సాయం కోసం వచ్చేవాళ్లలో యూదులు కానివాళ్లూ చాలామందే. దాతలకు పంపే ఫొటోలు ఎక్కువగా సరుకుల గదివే. అసలు పని జరిగేది మాత్రం కేస్‌వర్కర్, అంటే ఒక్కొక్కరి సమస్యను వెంటపడి చూసే ఉద్యోగి, బల్ల దగ్గర.

అద్దె బాకీ సంగతే చూద్దాం. రెండు నెలల బాకీకి ఇంటి యజమాని కోర్టుకెక్కాడు. అద్దెకున్న మనిషి ఈ కార్యాలయానికి వచ్చాడు. సాధారణంగా అతని చేతికి డబ్బివ్వరు, యజమాని పేరిట చెక్కు రాస్తారు. దానికి లీజు కాగితం, బాకీ లెక్క, ఆదాయ రుజువు, యజమాని తన పన్ను నంబరుతో నింపిన డబ్ల్యూ-9 ఫారం కావాలి. చాలాసార్లు బండి ఆగేది ఈ ఫారం దగ్గరే. వాయిదా నాలుగు రోజుల్లో ఉంటుంది, యజమాని ఫోనెత్తడు. అనుభవమున్న కేస్‌వర్కర్ అందుకే ఫారం కోసం చూస్తూ కూర్చోకుండా, 'ఇంత మొత్తం మేం కడతాం' అన్న హామీ ఉత్తరం వాయిదా నాటికి చేతికందేలా చూస్తుంది. చిన్న సంస్థ ఇవ్వగలిగింది బాకీలో ఒక భాగమే కాబట్టి మిగతాది చర్చి నుంచో, కౌంటీ (జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం) నుంచో రావాలి. 'తక్కినది ఎవరిస్తున్నారో చూపిస్తే మేమూ ఇస్తాం' అంటారు అందరూ. ముందు ఎవరో ఒకరు అవునంటేనే ముడి విడుతుంది. వీటన్నిటికన్నా ముందే అడగాల్సిన ప్రశ్న, వచ్చే నెల అద్దె ఎక్కడి నుంచి వస్తుంది అన్నది. దానికి జవాబు లేకపోతే ఈ నెల కట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

ప్రభుత్వ పథకాల దగ్గర ఇంకో రకం పని. ఆహార సాయ పథకం స్నాప్‌కు దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి, చేతిలో దాదాపు ఏమీ లేనివాళ్లకు 7 రోజుల్లో. 60 ఏళ్లు దాటినవాళ్లు తమ జేబులోంచి పెట్టే వైద్య ఖర్చు నెలకు 35 డాలర్లు మించితే, మించిన మొత్తాన్ని ఆదాయంలోంచి తీసేసి లెక్కగట్టొచ్చు. మందుల బిల్లులు, ఆసుపత్రికి వెళ్లొచ్చిన ఖర్చులు జతచేసి అడిగితేనే ఈ మినహాయింపు. అడగాలని తెలియక వదులుకునే పెద్దవాళ్లు ఎందరో. మంజూరయ్యాక కూడా, గడువుకు పునరుద్ధరణ ఉత్తరం వస్తుంది. దాన్ని విప్పి చూడకపోతే సాయం ఆగిపోతుంది, మళ్లీ మొదటికే.

హోలోకాస్ట్ (నాజీలు సాగించిన యూదుల సామూహిక హత్యాకాండ) నుంచి బతికి బయటపడిన వృద్ధుల విషయంలో ఈ కాగితాల పని మరీ సున్నితం. నాజీ పీడితుల పరిహారం కోసం 1951లో ఏర్పడిన క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ అనే యూదు సంస్థ జర్మనీతో బేరమాడి సాధించిన నిధుల్లో కొంత, ఇలాంటి స్థానిక సంస్థల ద్వారా ఇంటి దగ్గరి సహాయకులకు ఖర్చవుతుంది. వృద్ధులు స్నానం, బట్టలు, భోజనం ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో చూసి గంటలు నిర్ణయిస్తారు. నాజీ శిబిరాల జ్ఞాపకాలతో షవర్ దగ్గర కొందరికి భయం ముంచుకొస్తుంది, కొందరు రొట్టె ముక్కలు దిండు కింద దాస్తారు. ఇది తెలియని సహాయకురాలు మొండితనం అనుకుంటుంది, కాబట్టి ముందే శిక్షణ ఇవ్వాలి. ఇక డబ్బు సంగతి. నాజీ పీడితులకు అందే పరిహారాన్ని అవసరం ఆధారంగా ఇచ్చే ఫెడరల్ పథకాల్లో ఆదాయంగా లెక్కించకూడదని 1994లో చట్టం వచ్చింది. కౌంటీ గుమస్తాకు ఆ చట్టం తెలియకపోతే, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జర్మనీ జమ చూసి స్నాప్ కోసేస్తాడు. అప్పుడు చట్టాన్ని ఉటంకిస్తూ ఒక పేజీ ఉత్తరం రాయాలి. పరిహారాన్ని వేరే ఖాతాలో ఉంచుకొమ్మని ముందే చెప్పి ఉంటే ఆ ఉత్తరం పని సులువవుతుంది.

సరుకుల గదికీ దాని చిక్కులు దానికున్నాయి. అది కోషర్ గది (యూదుల ఆహార నియమాలు పాటించేది) అయితే ప్రతి డబ్బా మీద ధ్రువీకరణ గుర్తుండాలి. పంది మాంసం కలిసిన బీన్స్ డబ్బాలు ఎంత ప్రేమతో ఇచ్చినా అక్కడి అరలెక్కవు. యూదుల పెసాహ్ పండుగ ముందు మరీ తమాషా. ఇజ్రాయెల్ బయట చాలామంది ఎనిమిది రోజులు పులిసిన ధాన్యపు పదార్థాలు ఇంట్లో ఉంచుకోరు. ఇళ్లు శుభ్రం చేసుకుంటూ పాస్తా, సీరియల్ పెట్టెలు తెచ్చి ఇక్కడ ఇస్తారు. గది నిండిపోతుంది, కానీ పండుగ చేసుకునే పేద కుటుంబానికి ఆ వారం అవేవీ పనికిరావు. వాళ్లకు కావలసిన మాట్జా (పులియని రొట్టె), ద్రాక్షరసం కొనడానికి నగదే కావాలి.

12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. అన్నిటికన్నా పై మెట్టు, అప్పో భాగస్వామ్యమో పనో ఇచ్చి మనిషి మళ్లీ చేయి చాచకుండా నిలబెట్టడం. పేదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దన్న బైబిల్ నిర్గమకాండం ఆజ్ఞ దానికి తోడు. న్యూయార్క్‌లో 1892లో 95 డాలర్ల మూలధనంతో మొదలైన హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ ఇప్పటికీ వడ్డీ లేని అప్పులిస్తోంది. ఈ పద్ధతికి ప్రాణం హామీదారులు. చిక్కూ అక్కడే: బాగా ఒంటరైపోయిన మనిషికి సంతకం పెట్టేవాడు దొరకడు.

ఇన్ని పనుల్లో దాత డబ్బు సులభంగా వచ్చేది సరుకుల పెట్టెకు. జీతాలు 'ఓవర్‌హెడ్' (నిర్వహణ ఖర్చు) పద్దులో పడతాయి, ఆ అంకె తగ్గితేనే మంచి సంస్థ అని మెచ్చుకుంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల లెక్క. కేస్‌వర్కర్ మానేసిన రోజు, కౌంటీలో ఫోనెత్తే మనిషి ఎవరో, ఏ కరెంటు కంపెనీ హామీ మాట మీద సరఫరా ఆపకుండా ఉంచుతుందో, ఆ జ్ఞానమంతా ఆమెతోనే గడప దాటుతుంది. పెట్టెలు మాత్రం అరల్లోనే ఉంటాయి.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఈ సంగతి దూరపుది కాదు. పిల్లల దగ్గరికి గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలు, 65 దాటినా, సాధారణంగా ఐదేళ్లు వరుసగా అక్కడ నివసించాకే ప్రీమియం కట్టి మెడికేర్‌లో (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) చేరగలరు. చేరినా, దీర్ఘకాలం ఇంట్లో మనిషి తోడుండే సేవకు మెడికేర్ డబ్బివ్వదు. స్నాప్ అడిగితే, స్పాన్సర్ చేసిన కొడుకో కూతురో ఆదాయం కూడా లెక్కలోకి రావచ్చు. 1977లో మొదలైన తానా లాంటి సంఘాలు ప్రమాదాలప్పుడు, మరణాలప్పుడు చందాలు పోగుచేయడంలో ముందుంటాయి. మంగళవారం ఉదయం ఒక పెద్దావిడ పక్కన కూర్చుని, కౌంటీ నుంచి వచ్చిన ఇంగ్లిషు ఉత్తరం చదివి, గడువులోగా అప్పీలు వేయాలని తెలుగులో చెప్పడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవాలి. ఆ పద్దుకు చందా అడిగితే వేదిక మీద ఎన్ని చేతులు లేస్తాయో చూడాలి.