పేర్ల కింద నలిగిపోతున్న మానవ జీవశాస్త్రం

కాలేజీలో మానవ జీవశాస్త్రం తొలి కోర్సు పూర్తిచేసిన విద్యార్థిని ఏడాది తర్వాత కదిపి చూస్తే, శరీరంలో ఎముకలు 206 అన్న జవాబు తడుముకోకుండా వస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో అవి 300కు దగ్గరగా ఉంటాయని, ఎదిగేకొద్దీ చాలా ఎముకలు ఒకదానితో ఒకటి అతుక్కుపోవడం వల్లే ఆ లెక్క తగ్గుతుందని, పుర్రె ఎముకలు ఇంకా కలిసిపోకుండా ఉండటం వల్లే ప్రసవ సమయంలో బిడ్డ తల ఇరుకు దారిలో ఒదిగి బయటికి రాగలుగుతుందని చెప్పగలిగేవారు మాత్రం అరుదు. అంకె మిగిలింది, దాని వెనుక ఉన్న కారణం జారిపోయింది. సిలబస్ బరువు గురించి, మార్కుల పోటీ గురించి ఇప్పటికే కావలసినంత చర్చ జరిగింది కనుక వాటిని మళ్లీ తడమను. నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీద: ఈ కోర్సును పేర్లతో మొదలుపెట్టడం మానేసి ప్రశ్నలతో మొదలుపెట్టాలి. పేరు ప్రశ్న వెంట రావాలి.

పేరు తెలియడానికీ పని తెలియడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ శాస్త్రం చరిత్రే చెబుతుంది. ఇటలీలోని పాదువాలో శరీర నిర్మాణాన్ని బోధించిన ఫాబ్రీసియస్, సిరల్లోని కవాటాలను శ్రద్ధగా పరిశీలించి, చక్కటి బొమ్మలతో సహా 1603లో ప్రచురించాడు. అయినా అవి రక్తం చేతుల్లోకీ కాళ్లలోకీ ఒక్కసారిగా ముంచెత్తకుండా ఆపే అడ్డుకట్టలని అనుకున్నాడే తప్ప, ఆ కవాటాలన్నీ గుండె వైపుకే ఎందుకు తెరుచుకుంటున్నాయన్న ప్రశ్న దగ్గర ఆగలేదు. ఆ ప్రశ్నను పట్టుకున్నది ఆయన దగ్గరే చదువుకున్న విలియం హార్వీ. గుండె నుంచి బయలుదేరిన రక్తం మళ్లీ గుండెకే చేరుతుందని ఆయన 1628లో లోకానికి వెల్లడించాడు. గురువు చూసిన కవాటాలే శిష్యుడూ చూశాడు.

హార్వీ చూపిన నిదర్శనాల్లో ఒకదానికి ప్రయోగశాల కూడా అక్కరలేదు. మోచేతికి పైన గుడ్డపట్టీని మరీ బిగుతుగా కాకుండా కడితే, కాసేపటికి ముంజేతి మీద సిరలు ఉబ్బుతాయి, వాటి పొడవునా అక్కడక్కడ చిన్న ముడుల్లాంటివి తేలుతాయి. కవాటాలు ఉండేది అక్కడే. మణికట్టు వైపు ఒక వేలితో సిరను నొక్కిపట్టి, రెండో వేలితో అందులోని రక్తాన్ని మోచేతి వైపు ఒక ముడి దాటేదాకా తోసి, ఆ రెండో వేలిని తీసేయాలి. ముడికి పైన సిర నిండుగానే ఉంటుంది, కింద మాత్రం గీతను చెరిపేసినట్టు ఖాళీగా ఉండిపోతుంది. ఇప్పుడు మొదటి వేలు ఎత్తితే కింది నుంచి రక్తం క్షణంలో నిండుతుంది. తన చేతి మీద ఇది చూసిన విద్యార్థికి సిర, కవాటం అన్న మాటలను బట్టీ పట్టవలసిన అవసరం ఇక ఉండదు.

హార్వీ వాదనలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఆయన వేసిన లెక్క. తిన్న ఆహారం నుంచి కాలేయం రక్తాన్ని తయారుచేస్తుందని, అవయవాలు దాన్ని ఖర్చు చేసుకుంటాయని ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ కాలం నుంచి వైద్యులు నమ్ముతూ వచ్చారు. ఒక్కో స్పందనకు గుండె నుంచి వెలువడే రక్తాన్ని కావాలనే బాగా తగ్గించి అంచనా కట్టి, అరగంటలో గుండె కొట్టుకునే సార్లతో హెచ్చవేసినా, వచ్చిన మొత్తం శరీరంలో ఉండగల రక్తాన్ని మించిపోయిందని హార్వీ చూపాడు. నేటి అంకెలతో ఆ లెక్కను ఎవరైనా నోటితోనే వేయవచ్చు: విశ్రాంతిగా ఉన్నప్పుడు స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి సుమారు 70 స్పందనలు, అంటే నిమిషానికి దాదాపు 5 లీటర్లు. పెద్దవారి శరీరంలో ఉన్న మొత్తం రక్తమూ దాదాపు అంతే. గంటకు 300 లీటర్ల రక్తాన్ని కొత్తగా పుట్టించగల భోజనం ఏదీ లేదు కనుక, ఉన్న రక్తమే తిరుగుతూ ఉండాలి. ఇంత చిన్న గుణకారం 1400 ఏళ్ల నమ్మకాన్ని కూల్చింది. దీన్ని పక్కనపెట్టి, గుండె నాలుగు గదుల పేర్లు రాయించి రక్తప్రసరణ పాఠం అయిపోయిందనుకోవడం విద్యార్థికి చేసే అన్యాయం.

పేర్లు రానిదే ఆలోచన సాగదని, వైద్యమో నర్సింగో చదవబోయేవారికి పదజాలమే పునాది అని, వందలమంది కూర్చునే తరగతిలో ప్రశ్నలకు సమయం చాలదని చాలామంది అధ్యాపకులు అంటారు. పదజాలం అవసరమన్న మాటను నేను కాదనను. అయితే ఈ కోర్సులో కూర్చున్న ఎంతోమంది వైద్యం వైపు వెళ్లరు. శరీరాన్ని గురించి ఒక క్రమంలో చదువుకునే అవకాశం వారికి బతుకంతటికీ ఇదొక్కటే కావచ్చు.

అది వారికి ఎక్కడ అక్కరకొస్తుందో చూడండి. షుగర్ ఉన్నవారికి చేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల్లో రక్తంలో ఉన్న చక్కెర సగటును చెబుతుందని అందరూ వింటారు, అన్ని నెలలే ఎందుకో అడిగేవారు తక్కువ. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్లూ రక్తంలో ఉన్న గ్లూకోజు దానిలోని హిమోగ్లోబిన్‌కు కొద్దికొద్దిగా అంటుకుంటూ పోతుంది, అలా అంటుకున్నది చాలావరకు ఆ కణం నశించేదాకా వదలదు. ఇంతమాత్రం తెలిసిన మనిషి, పరీక్షకు ముందు రెండు రోజులు తీపి మానేసినంత మాత్రాన ఫలితం మారిపోదని తనంతట తానే గ్రహిస్తాడు. ఎర్ర కణాలు త్వరగా నశించే జబ్బు ఉన్నవారిలో ఈ అంకె ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చని కూడా ఊహించగలుగుతాడు. అలాగే మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో 99 శాతాన్ని తిరిగి రక్తంలోకి పంపుతాయన్నది మనసుకు పట్టినవారు, ఒంట్లోని మలినాలను కడిగేస్తుందనే పానీయం ప్రకటన చూడగానే, ఏ మలినం, ఏ దారిన అని అడుగుతారు.

ఇక్కడికి వచ్చాక ఈ మాట జీవశాస్త్రంతో ఆగేది కాదని చెప్పక తప్పదు. గేలెన్ సామాన్యుడు కాడు. ధమనుల్లో ఉండేది గాలి అని పెద్దలు వాదిస్తుంటే, రక్తమేనని ప్రయోగం చేసి చూపినవాడు. తర్వాతి తరాలవారు ఆయన పద్ధతిని వదిలేసి ఆయన తీర్మానాలను పట్టుకుని వేలాడారు. చరిత్రలో తేదీలు, ఆర్థికశాస్త్రంలో నిర్వచనాలు, జీవశాస్త్రంలో పటాలు అప్పజెప్పించుకునే చదువు నేటికీ చేస్తున్నది అదే. ఒక తీర్మానం ఏ ఆధారం మీద నిలబడిందో అడగడం అలవాటు కానివారు, రేపు గొంతు పెంచి మాట్లాడే ప్రతివారి మాటా నమ్ముతారు, లేదా టీకా గురించి సరైన సమాచారం ఎదురుగా ఉన్నా ఎవరినీ నమ్మరు. ఈ అలవాటును దిద్దడానికి మానవ జీవశాస్త్రానికి ఉన్నంత వీలు మరే సబ్జెక్టుకూ లేదు, ఎందుకంటే సాక్ష్యం ప్రతి విద్యార్థితో పాటే తరగతిలోకి నడిచి వస్తుంది.

ధమనుల చివరి నుంచి సిరల్లోకి రక్తం చేరే దారిని హార్వీ 1657లో కన్నుమూసేదాకా చూడలేకపోయాడు. నాలుగేళ్ల తర్వాత, 1661లో, ఇటలీ శాస్త్రవేత్త మల్పీఘీ సూక్ష్మదర్శిని కింద కప్ప ఊపిరితిత్తుల్లో ఆ దారిని, అంటే ధమనులను సిరలతో కలిపే అతి సన్నని కేశనాళికలను కనుగొన్నాడు. కేశనాళికను నిర్వచించండి అని ఉండే ప్రశ్నకు బదులు, ఆ దారిని ఎవరూ చూడని రోజుల్లో అది ఉండే తీరాలని హార్వీ ఏ ఆధారాలతో అనగలిగాడో రాయమని అడగవచ్చు. జవాబుకు ఒక పేజీ చాలు, విద్యార్థి ముందు పుస్తకం తెరిచి ఉన్నా అభ్యంతరం లేదు.